గ్రామసింహమునకు నగరమున చోటెక్కడ?

రేడియో మన ఇండ్లకు రాకముందు పాట వచ్చినది గ్రామఫోనుతో. ఆ యంత్రముపై తిరుగు నల్లని రికార్డు నడుమ, బాకా ముందు చెవియొగ్గి కూర్చున్న తెల్లని కుక్క బొమ్మ యొకటి అచ్చువేసి యుండెడిది. కంపెనీ పేరు పలుకుట రానివారు సయితము అంగడికి పోయి "కుక్కబొమ్మ రికార్డు" కావలెనని అడిగెడివారు. ఆ కుక్క కల్పితము కాదు. ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున 1884లో పుట్టినది, పేరు నిప్పర్. దాని యజమాని మరణించిన పిమ్మట అతని సోదరుడు, చిత్రకారుడగు ఫ్రాన్సిస్ బరాడ్ దానిని పెంచెను. 1895లో అది చనిపోయిన తరువాత అతడు గీసిన చిత్రమును 1899లో గ్రామఫోను కంపెనీ కొనెను. మొదట ఆ చిత్రములో ఉన్నది వేరొక యంత్రము. దానిని చెరపి కంపెనీవారి గ్రామఫోనును గీయించిరి. కుక్కను మాత్రము మార్చలేదు.

సంగీతమును గూర్చి ముచ్చటించుట నా ఉద్దేశము కాదు. నిజమైన కుక్క గడప దాటినచో నీళ్ళు చల్లి కడుగుకొను ఇండ్లలో ఈ బొమ్మకుక్క దేవుని పటముల సరసనే బల్లపై కూర్చుండి త్యాగరాజ కీర్తనలు వినుచుండెను. ఎవ్వరును ఆక్షేపింపలేదు. కుక్కకు ఎక్కడ ప్రవేశము కలదు, ఎక్కడ లేదు అను విషయమున మన నియమములు ఎప్పుడును ఇట్లే కొంత చిత్రముగా నుండెను.

ఈ ఆలోచన కలుగుటకు కారణము మా మేనల్లుడు. అతనిది ఆనందపురము. విశాఖపట్నమునకు ఉత్తరమున, మదరాసు కలకత్తా రాజమార్గముమీద నున్న ఊరు. పూలకు పేరుపడినది. చుట్టుప్రక్కల పల్లెలలో కోసిన పూలు తెల్లవారకముందే గంపలలో, గోనెలలో అచ్చటికి చేరును. మావాడు ఉద్యోగరీత్యా నగరములో నాలుగవ అంతస్తున కాపురము పెట్టి, ఊరినుండి ఒక కుక్కను వెంట తెచ్చుకొనెను. గోధుమవన్నె, నిక్కపొడుచుకొన్న చెవులు, వంకీ తోక. జాతి యేమని అడిగినచో ఊరకుక్క అనుటకంటె వేరు సమాధానము లేదు. నెల తిరుగకుండ నాయొద్దకు వచ్చి, "మావయ్యా, దీన్ని ఎక్కడికి తీసుకుపోవాలో మీరే చెప్పండి. పార్కు కాడికి పోతే గేటు దగ్గరే ఆపేశారు. మేడ దిగితే కింద వాళ్ళు గొడవ. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఈ మాటే పుట్టలేదు" అని మొరపెట్టుకొనెను.

అతని చివరి మాట నాకు పట్టుకొన్నది. ఊరిలో ఈ ప్రశ్న ఏల పుట్టలేదు? నగరములో ఏల పుట్టినది?

సంస్కృతమున కుక్కకు గ్రామసింహమని ఒక పేరు. అడవి సింహమునకు అడవి యెట్లో, దీనికి గ్రామమట్లు. తెలుగు పల్లెలో కుక్కకు ఇల్లు లేదు, కాని వీధి ఉండెను. ఎవరి అరుగు క్రింద ఏ కుక్క పండుకొనవలెనో ఊరివారికిని కుక్కలకును తెలియును. ఎంగిలి విస్తళ్ళు వాటి భాగము. పొద్దుగూకిన తరువాత కొత్త మనిషి పొలిమేరలో అడుగుపెట్టినచో మొదట పలుకునది అదియే. కళ్ళములో ధాన్యపు రాశికిని, గొల్లల మందకును కావలి అదియే. కొల్లేటి ప్రాంతమున జోనంగి యను కురచ బొచ్చు కుక్కజాతి యొకటి కలదు. అచ్చటి బాతుల పెంపకందార్లు మందలను మళ్ళించుటకు దానిని వాడుకొనెడివారు. ఊరు కుక్కను ప్రేమించినదని నేను చెప్పను. రాళ్ళు విసరిన చేతులును ఆ ఊరివే. గజ్జితో బొచ్చూడి అరుగు క్రిందనే చచ్చిన కుక్కలను చిన్నతనమున చూచినవాడనే. కాని ఏ రాళ్ళయినను "నీవిచ్చట ఉండరాదు" అను అర్థముతో విసరినవి కావు. వంటింటినుండి పొమ్మనుట వేరు, ఊరినుండి పొమ్మనుట వేరు.

ఈ పొమ్మనుటను గూర్చి మన పూర్వులు ఎంతగా ఆలోచించిరో మహాభారతము చూచిన తెలియును. ఆ మహాగ్రంథము ఒక కుక్కను తరిమివేయుటతో ఇంచుమించుగా మొదలగును, మరియొక కుక్కను తరిమివేయుటకు నిరాకరించుటతో ఇంచుమించుగా ముగియును. ఆదిపర్వమున జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా దేవశుని యగు సరమ కుమారుడు సారమేయుడు యాగశాలకు వచ్చెను. జనమేజయుని తమ్ములు వానిని కొట్టి వెళ్ళగొట్టిరి. సరమ వచ్చి నిలదీసెను: నా బిడ్డ హవిస్సును ముట్టలేదే, దానివంక చూడనైన లేదే, ఏ దోషమునకు కొట్టితిరి? రాజు పక్షమున సమాధానము లేదు. నిష్కారణముగా హింసించినవారికి ఊహింపని భయము వచ్చునని ఆమె శపించి పోయెను. రాజు తల్లడిల్లి, ఆ శాపశాంతికి తగిన పురోహితుని వెదకుకొనవలసి వచ్చెను. నన్నయభట్టు ఈ కథను తెలుగున చెప్పినపుడు వేయి సంవత్సరముల క్రిందటి రాజమహేంద్రవరపు సభలో రాజరాజనరేంద్రుడు వినియుండును.

కడపట, మహాప్రస్థానమున, భార్యయు తమ్ములును ఒక్కొక్కరుగా నేలకొరిగిన తరువాత ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క. ఇంద్రుడు రథముతో వచ్చి ఎక్కుమనెను; కుక్కకు మాత్రము స్వర్గమున చోటు లేదనెను. ఆశ్రయించిన దానిని విడిచి వచ్చు స్వర్గము నాకు వలదని ధర్మరాజు అచ్చటనే నిలిచిపోయెను. ఆ కుక్క ధర్మదేవతయే యని తరువాత తెలిసినది. తరువాత అని చెప్పుట అవసరము. నిరాకరించిన క్షణమున అతనికి అది ఉత్త కుక్క.

నగరమును, కుక్కను ఎదురెదుట నిలిపి చెప్పిన పురాతన కథ మరియొకటి బౌద్ధుల జాతకములలో నున్నది. విశాఖకును భీమునిపట్నమునకును నడుమ సముద్రమును చూచుచున్న తొట్లకొండ, బావికొండలపై రెండువేల ఏండ్ల క్రిందట భిక్షువులు విహారములు కట్టుకొని నివసించిరి. అటువంటి విహారములలో చెప్పుకొనుచు వచ్చిన కథలలో కుక్కుర జాతకము ఒకటి. కాశీరాజు రథము ఒక రాత్రి ముంగిట విడిచియుండగా వాన కురిసి తోలు పట్టెడలు నానెను. రాజభవనములోని మేలుజాతి కుక్కలు దిగివచ్చి ఆ తోలును కొరికి తినివేసెను. సేవకులు, "తూముగుండ వీధికుక్కలు లోనికి వచ్చి చేసిన పని యిది" అని విన్నవించిరి. కనబడిన కుక్కనెల్ల చంపుడని రాజాజ్ఞ అయ్యెను. రాజభవనపు కుక్కలకు తప్ప. శ్మశానమున నివసించు కుక్కలకు నాయకుడుగా పుట్టియున్న బోధిసత్త్వుడు ఒంటరిగా కొలువునకు పోయి, భవనములోని కుక్కలకు మజ్జిగలో దర్భగడ్డి కలిపి త్రాగింపుమని రాజును కోరెను. త్రాగిన కుక్కలు తోలుముక్కలు కక్కినవి. రాజు సిగ్గుపడి ఆజ్ఞ ఉపసంహరించుకొనెను.

నేరము పెంపుడు కుక్కది, దండన వీధికుక్కకు. నేటి నగరములలోని తగవులు చూచినపుడు ఈ జాతకము నాకు తరచు స్ఫురించును. విలాసముగా కొనితెచ్చి, విసుగు పుట్టినపుడు వీధిలో విడిచిపెట్టిన మేలుజాతి కుక్కలను మీరును చూచియుందురు.

మన ప్రక్కరాష్ట్రములో ఒక శిలాశాసనము కలదు. దానిని స్మరింపక ముందుకు పోలేను. క్రీస్తుశకము 949 ప్రాంతమున తక్కోలము యుద్ధము జరిగినది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు, తన పక్షమున పోరాడిన గంగరాజు బూతుగుని సేవకుడగు మణలేరుని శౌర్యమునకు మెచ్చి, ఏమి కావలెనో కోరుకొమ్మనెను. అతడు ఊరు కోరలేదు, బంగారము కోరలేదు. చక్రవర్తి వేటకుక్కను, కాళి యను దానిని, కోరి తెచ్చుకొనెను. తరువాత వేటలో ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో తలపడగా రెండును చనిపోయినవి. కర్ణాటకములోని ఆతకూరున ఆ కుక్క జ్ఞాపకార్థము వీరగల్లు నిలిపి, పూజకు భూమి యిచ్చిరి. కుక్కయు పందియు పోరాడుచున్న శిల్పము ఆ రాతిపై నేటికిని చూడవచ్చును.

ఇక నగరముల కాలమునకు వత్తము. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో బొంబాయి క్రిక్కిరిసిన రేవుపట్టణమయ్యెను. వేసవి నెలలలో యజమానులు లేని కుక్కలను చంపించుట అచ్చటి అధికారులకు వాడుక. 1832లో కుక్కకు 8 అణాల చొప్పున బహుమానము ప్రకటింపగా, బంట్రోతులు వీధులు దాటి ఇండ్ల ముంగిళ్ళలోనికిని చొరబడి పెంపుడు కుక్కలను సయితము పట్టసాగిరి. పారశీకుల మతమున కుక్క పవిత్రము. మరణించినవారి శరీరమునకు కుక్క చూపు సోకవలెనని వారి ఆచారము. జూన్ 6వ తేది వారి పండుగ దినము. ఆనాడు కోపము కట్టలు తెంచుకొని వారు బంట్రోతులపై తిరుగబడిరి. మరునాడు అంగళ్ళు మూతబడినవి. సైనికులకు పోవు రొట్టె, మాంసము నిలిచిపోయినవి. సైన్యమును పిలిపించి, కల్లోల నివారణ శాసనము చదివించి, కొందరిని బంధించిన పిమ్మటగాని నగరము శాంతింపలేదు. కడపట కుక్కలను చంపుటకు మారుగా నగరము వెలుపలికి తరలించుటకు ప్రభుత్వము సమ్మతించెను. రెండేండ్లకు, 1834లో, జంషెడ్జీ జీజీభాయ్ మొదలగువారు బొంబాయిలో జంతుశాల నెలకొల్పిరి.

నగరాధికారులు కేవలము క్రూరులని తలచుట న్యాయము కాదు. వారి భయమునకు కారణము కలదు. పిచ్చికుక్క కరచినవానికి ఆ రోజులలో మందు లేదు. నీరు చూచి బెదరుచు, గొంతు పట్టుకొనిపోయి చనిపోవుచున్నవానిని చూచిన కుటుంబము కుక్కలను గూర్చి కరుణతో మాటాడుట కష్టము. 1885 జూలై 6న పారిసులో లూయీ పాశ్చరు జోసెఫ్ మైస్టరను బాలునకు తొలిసారిగా టీకా వేసిన తరువాతనే ఆ చీకటిలో వెలుగు పుట్టినది. మన దేశమున 1900లో కసౌలిలోను, 1907లో నీలగిరులలోని కూనూరులోను పాశ్చరు సంస్థలు వెలసినవి. కూనూరు సంస్థకు హెన్రీ ఫిప్స్ అను అమెరికను ధనికుడు ద్రవ్యసాహాయ్యము చేసెను. విశాఖపట్నము అప్పుడు మదరాసు రాజధానిలోనిది. తొలినాళ్ళలో దక్షిణదేశపు పల్లెటూరివానికి పిచ్చికుక్క కరచినచో రైలెక్కి కూనూరు కొండకు పోవలసినదే. పోలేనివాని సంగతి చెప్పనక్కరలేదు.

తరువాత వచ్చిన పొట్టచుట్టు సూదులను పెద్దలు ఇప్పటికిని మరువలేదు. ఆ పాత టీకా తయారీని మన దేశమున 2005 నాటికి మానివేసిరి. నేటి మందు చేతికి వేయుదురు, కొద్ది మోతాదులతో సరిపోవును. కుక్క కరచినను, గీరినను ఆ చోటును ధారగా పారు నీటితోను సబ్బుతోను పదునైదు నిమిషములు కడిగి, అదే రోజున ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు. ప్రపంచమున ఈ వ్యాధివలన చనిపోవువారిలో మూడవవంతుకు మించి మన దేశమువారేయని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వారిలో పెక్కురు పిల్లలు. కుక్కలకు నగరమున చోటుండవలెనని వాదించువారు ఈ మాటను మరచి వాదింపరాదని నా అభిప్రాయము.

మదరాసు నగరపాలక సంస్థ సయితము పందొమ్మిదవ శతాబ్దినుండి కుక్కలను పట్టి చంపుచుండెను. ఏండ్లు గడచినను కుక్కలు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో గ్రహించుట కష్టము కాదు. వీధిలో కుక్క ఉండుటకు కారణము వీధిలోని తిండి. పెంటకుప్ప అట్లే యుండగా అచ్చటి కుక్కను తొలగించినచో ఆ ఖాళీలోనికి ప్రక్కవీధి కుక్క వచ్చును. వచ్చినది టీకా లేనిది, ఆ వీధివారికి కొత్తది. దీనిని గ్రహించి మదరాసులో 1959లో బ్లూక్రాసు సంస్థను స్థాపించిన కెప్టెను వి. సుందరము మొదలగువారు వేరొక మార్గము సూచించిరి. పట్టుడు, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయుడు, పిచ్చివ్యాధి రాకుండ టీకా వేయుడు, పట్టినచోటనే విడువుడు అని. నగరపాలకులు ఈ మాట చెవిని పెట్టుటకు 1996 దాక పట్టినది. అదే సంవత్సరము విశాఖపట్నమున ప్రాణుల సంరక్షణకొరకు వి.ఎస్.పి.సి.ఎ. అను సంఘమేర్పడి, ఆ పద్ధతినే ఇచ్చట ఆచరణలో పెట్టుటకు పూనుకొన్నది.

చట్టము అంతకుముందే కొంతదూరము నడచియుండెను. రాజ్యసభకు నియమింపబడిన రుక్మిణీదేవి అరుండేలు 1953లో ప్రాణిహింసా నివారణకై బిల్లు ప్రతిపాదించినది. నెహ్రూ ప్రభుత్వమే సమగ్రమైన చట్టము తెత్తుమని చెప్పగా ఆమె దానిని ఉపసంహరించుకొన్నది; 1960లో చట్టము వచ్చినది. వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకా చేయుట 2001లో నియమమయ్యెను. 2023లో ఆ నియమములను తిరుగ వ్రాసిరి. శస్త్రచికిత్స అయిన కుక్కకు చెవికొన చిన్న గాటుగా కత్తిరించి గుర్తు పెట్టుదురు. మీ వీధిలోని కుక్క చెవిని ఒకసారి పరికించి చూడుడు.

ఈ వీధికుక్కల గట్టిదనమును మొదట గుర్తించి వాడుకొన్నది శాస్త్రజ్ఞులని చెప్పవచ్చును. 1957 నవంబరు 3న రష్యావారు స్పుత్నికులో పంపిన లైకా మాస్కో వీధులలో దొరికిన కుక్క. చలికిని ఆకలికిని ఓర్చుకొన్నది గనుక దానిని ఎన్నుకొనిరి. తిరిగి తెచ్చు ఉపాయము లేకయే పంపిరి. భూమిపై చోటులేని దానికి ఆకాశమున చోటిచ్చినారని నవ్వుటకు నాకు మనసొప్పదు.

ఇప్పుడు మేనల్లుని ప్రశ్నకు వత్తును. నగరము పెరిగిన తీరులోనే అతని చిక్కు ఉన్నది. 1933లో విశాఖ రేవు తెరచిరి. దాని వెంట ఓడల కర్మాగారము, ఆపై నూనె శుద్ధి కర్మాగారము, తరువాత ఉక్కు కర్మాగారము వచ్చినవి. ఒక్కొక్కదానితో కొన్ని పల్లెలు నగరములో కలిసిపోయినవి. పల్లె కలిసినపుడు మనుష్యులకు కొత్త చిరునామా వచ్చినది; కుక్కలు పాత వీధిలోనే ఉండి వీధికుక్కలైనవి. రెండవ ప్రక్క, మేడలలో పెంపుడు కుక్కలు పెరిగినవి. పల్లెలో ఇల్లులేక వీధియున్న కుక్కకు నగరములో ఇల్లు దొరకి వీధి పోయినది. అందుచేతనే "ఎక్కడికి తీసుకొనిపోవలెను" అను ప్రశ్న.

మొదట మేడ సంగతి. సంఘపు తీర్మానముతో పెంపుడు కుక్కను నిషేధించుటకు గాని, లిఫ్టు ఎక్కనీయకుండుటకు గాని నివాస సంఘములకు అధికారము లేదని జంతు సంక్షేమ మండలి 2015లో స్పష్టపరచినది. దానితో యజమాని బాధ్యత తీరదు. మలమును తానే ఎత్తవలెను, గొలుసు విడువరాదు, టీకా చీటీ దగ్గర నుండవలెను. మావాడు ఈ కాగితమును చూపిన తరువాత క్రిందివారు మెత్తబడిరి. తాను సంచియు చీపురును పట్టుకొని దిగుట వారు చూచిన తరువాత మరికొంత మెత్తబడిరి.

రైలు ప్రయాణమున కుక్కకు చోటు కలదని పెక్కురకు తెలియదు. మొదటి తరగతిలో రెండు గాని నాలుగు గాని పడకల గదిని మొత్తముగా తీసికొన్నచో యజమానితోపాటు ప్రయాణము చేయవచ్చును. లేనిచో సామాను బండిలోని కుక్కపెట్టెలో పంపవలెను. తక్కిన తరగతులలో వీలులేదు. ఒకప్పుడు వాల్తేరని పిలిచిన మన స్టేషనులో ఆ పెట్టె ముందు కూర్చుండి కుక్కను ఓదార్చుచున్న ఒక ముసలాయనను నేను చూచితిని. బండి కదలువరకు ఆయన తన పెట్టెలో ఎక్కలేదు.

విశాఖలో కుక్కతో నడచుటకు అన్నిటికంటె అనువైనది సముద్రపుటొడ్డు దారి. తెల్లవారుజామున కొంతసేపు ఆ దారిలో వాహనములను ఆపివేయుట నగరవాసులకు గొప్ప మేలు. రామకృష్ణా బీచి మొదలు ఉత్తరముగా ఆ వేళ నడచువారిలో గొలుసు చేతబట్టిన వారెందరో. ఎండాకాలమున ఎనిమిది దాటినచో తీసికొనిపోరాదు. మన కాళ్ళకు చెప్పులున్నవి గనుక ఇసుక కాకను మనమెరుగము. ముంజేతి వెనుకభాగమును నేలపై ఆనించి క్షణకాలము ఓర్చుకొనగలిగిననే కుక్కను నడిపింపవలెను.

అచ్చటను ఒక నిబంధన కలదు, మనుష్యులు వ్రాసినది కాదు. చలికాలము చివరనుండి వేసవి మొదలు వరకు ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ ఈ తీరమునకే వచ్చి, ఇసుక త్రవ్వి నూరుకు పైగా గ్రుడ్లు పెట్టి పోవును. పిల్లలు బయటపడుటకు ఇంచుమించు రెండు నెలలు. కుక్క ముక్కునకు ఆ గుంట దాగదు. అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి కంచె వేసిన చోట్లలో పొదిగించుట ప్రధానముగా ఇందువలననే. ఆ నెలలలో కుక్కను దారిపై నడిపించి, ఇసుకలో స్వేచ్ఛగా విడువకుండుట మంచిది.

కంబాలకొండకు మాత్రము తీసికొనిపోవలదు. ఒకప్పుడు విజయనగర సంస్థానమువారి అడవి. ఇప్పుడు అభయారణ్యము. అందు చిరుతపులులున్నవి. అచ్చట కుక్కకు అపాయమని కొందరందురు. కుక్కవలన అడవికి అపాయమని నేనందును. 2018లో గిర్ అడవిలో ఇరువదికి పైగా సింహములు చనిపోయినపుడు బయటపడిన కారణములలో కుక్కలకు వచ్చు డిస్టెంపరు అను వ్యాధి ఒకటి. ఆ ప్రక్కనున్న జంతుప్రదర్శనశాలకును ఇదే న్యాయము వర్తించును. ఇక ఉద్యానవనముల విషయమున ఒక్కొక్కచోట ఒక్కొక్క నియమము. గేటువద్ద పలక చదివి మసలుకొనవలెను. పిల్లలు ఆడుకొను గడ్డిలోనికి కుక్కను వదలువారిని చూచినపుడు కావలివాని కోపము నాకు సమంజసముగనే తోచును.

వీధికుక్కల చోటును గూర్చిన విచారణ ఈ నడుమ దేశపు అత్యున్నత న్యాయస్థానము దాక పోయినది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలనెల్ల ఆశ్రయములకు తరలింపుడని ఒక ధర్మాసనము ఆదేశించినది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని సవరించి, శస్త్రచికిత్స, టీకా అయినవానిని పట్టినచోటనే విడువుడనియు, పిచ్చివ్యాధి గలవానిని, మీదపడి కరచువానిని విడువరాదనియు, ప్రతి వార్డులోను తిండి పెట్టుటకు ప్రత్యేక స్థలము చూపుడనియు చెప్పినది. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టేషనులు, రైల్వే స్టేషనులనుండి వానిని తొలగించి, తిరిగి అచ్చట విడువరాదని ఆజ్ఞ అయినది. యాగశాల వాకిట సరమ అడిగిన ప్రశ్నను ఇప్పుడు వకీళ్ళు అడుగుచున్నారు. ఈమారు ఎదుటిపక్షమున కుక్కకాటుతో బిడ్డను పోగొట్టుకొన్న తల్లులును ఉన్నారు గనుక ఉత్తరము అంత సులభము కాదు.

మా మేనల్లుడు ఇప్పుడు ప్రతి ఉదయము అయిదున్నరకు సముద్రపుటొడ్డున నుండును. తిరిగివచ్చునప్పుడు వీధిమొగలో చెవి కత్తిరించిన ముసలి నల్లకుక్కకు రెండు రొట్టెలు పెట్టునట. మొదట మొరిగినది, ఇప్పుడు ఇంటిదాక దిగబెట్టుచున్నదట. పండుగకు తన కుక్కను ఆనందపురము తీసికొనిపోయెను. అది పుట్టిన వీధి, అది పండుకొన్న అరుగు. పూలగంపల నడుమనుండి నాలుగు ఊరకుక్కలు లేచి, మెడపట్టెడయు గొలుసును చూచి, ఎవరో పట్నము కుక్క వచ్చినదని పొలిమేర దాక తరిమినవట. "మావయ్యా, ఆఖరికి చంకలో ఎత్తుకుని బస్సెక్కించాను" అని చెప్పినాడు.